కండెన్సర్ కింద బకెట్

ఏప్రిల్‌లో అనంతపురంలో
పొద్దున తొమ్మిదికే గాజు వేడెక్కుతుంది.
ల్యాబ్ తలుపు తీస్తే ముందు ఘాటు,
ఆ తర్వాత చప్పుడు:
సింకులోకి సన్నగా, ఆగకుండా,
పక్కగదిలో ఎవరో ఎవరి చెవిలోనో ఏదో చెబుతున్నట్టు
నీళ్లు.
ఇరవై రెండేళ్లుగా ఆ చప్పుడులోనే పాఠం చెప్పాను.

ఒకరోజు అటెండర్ కుళ్లాయప్ప
కండెన్సర్ గొట్టం చివర బకెట్ పెట్టాడు.
ఆకుపచ్చ బకెట్. ఒక చెవి ఊడితే బైండింగ్ వైరు చుట్టినాడు.
"ఎందుకప్పా?" అంటే
"ఊరికే, చూస్తామని" అన్నాడు.

షమీమా రిఫ్లక్స్ దించేసరికి సాయంత్రం నాలుగు.
ఫ్లాస్కు అడుగున మిగిలింది
గోటి మీద నిలిచేంత తెల్లటి పొడి,
నూట ఇరవై మిల్లీగ్రాములు.
గోడ మీద కుళ్లాయప్ప బొగ్గుగీతలు ముప్పై ఎనిమిది.
గీతకొక బకెట్. అన్నీ మోసుకెళ్లి
వెనకాల కానుగ చెట్లకు పోసొచ్చాడు.

దిగుబడి శాతం రాయడానికి రికార్డులో గడి ఉంది.
దీనికి లేదు.

"మా శెట్టూరు కాడ ఆరు నూర్ల అడుగులు దించినాం బోరు.
బండ. బండ కింద పొడి.
ఆ దుమ్ము శెనక్కాయ ఆకుల మీద వారం ఉండె.
ఈడ చూస్తే మేడమ్,
మందు అంటలే, మురికి గూడా కాలే,
రవ్వంత జొరమొచ్చినట్టు వెచ్చబడినాయి, అంతే.
ఏం తప్పు చేసినాయని మోరీలోకి తోలతాండాం?"

నిజమే. గాజుకు అవతల నిలబడి
ఎవరి వేడినో మోసుకుపోయే నీళ్లు అవి.

డిపార్ట్‌మెంట్ మీటింగులో చెప్పాను.
టీ వచ్చింది, ప్లాస్టిక్ కప్పుల్లో.
పర్యావరణ దినానికి పోయినేటి ఫ్లెక్సీ ఉందిగా, తేదీ మారిస్తే చాలన్నారొకరు.
ప్రతి జూన్‌లో అదే గుంతలో మొక్క నాటుతాం;
గుంత మాకు బాగా అలవాటు.
చిల్లర్ కొందామంటే నాలుగు లక్షలు, మూడు కొటేషన్లు,
ఫైలు రెండు బడ్జెట్ల దూరం.

కుళ్లాయప్ప టవర్‌క్లాక్ దగ్గర పాతసామాన్ల అంగట్లో
కూలర్ పంపు తెచ్చాడు. మూడు వందల యాభై.
ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి
అవే నీళ్లు తిప్పాం, తిప్పిందే తిప్పాం.

రెండో మధ్యాహ్నానికి టబ్బు కాగింది.
ముప్పై అయిదు డిగ్రీలకే మరిగే ఈథర్‌కు
మా ఊరి ఏప్రిలే పొయ్యి.
కిటికీలన్నీ తెరిచి బయటికి పరుగెత్తాం.
షమీమా మూడు రోజుల పని గాలిలో కలిసింది.
ఆ పిల్ల నన్నేమీ అనలేదు.
ఆ ఊరుకోవడం ఇంకా నా బాకీ.

సోమవారం కుళ్లాయప్ప ఆటోలో దిగాడు,
ఒళ్లో కాగు, పసిబిడ్డను పట్టుకున్నట్టు.
కాల్చిన మట్టి కాగు, గుమ్మటమంత.
"దీనికి చెమట పడతాది మేడమ్,
అందుకే లోపల సల్లగుంటాది."
బాష్పీభవన గుప్తోష్ణమని
బోర్డు మీద ఏటేటా నేను రాసేది
ఆ చెమట గురించే.
కాగుకు తడిగోనె చుట్టాం, ఫ్యాను గాలికి పెట్టాం.
ఈథర్ పని తెల్లారుజామునే.
మిగతావన్నీ సాయంత్రం దాకా నడిచాయి.
తగ్గిన నీళ్లకు రోజుకు నాలుగు చెంబులు.

ఇదేమీ గెలుపు కాదు.
భవనం వెనక, ఎర్ర అక్షరాలు వెలిసిపోయిన డ్రమ్ముల్లో
ఆరేళ్ల వ్యర్థ ద్రావకాలు
తీసుకుపోయే లారీ కోసం ఇంకా చూస్తున్నాయి.
వాటిలో సగం నా విద్యార్థులవి.
అందులో కొన్ని నావి.

సింకు ఇప్పుడు మాట్లాడదు.
అందుకేనేమో మిగతావి వినిపిస్తున్నాయి:
ఎవరూ లేని గదిలో రాత్రంతా లాగే ఎగ్జాస్టు,
మూత సరిగ్గా పడని పాత ఫ్రీజర్ గురక.
లోపలేముందో అడిగితే ఎవరికీ తెలియదు,
రిటైరైన సారు సీసాలట.

నిన్న పోతూ పోతూ కుళ్లాయప్ప
కరెంటు మీటరు ముందు ఆగాడు.
తిరిగే అంకెను కాసేపు చూసి
జేబులో
బొగ్గుముక్క కోసం తడుముకున్నాడు.