ఇంటిపేరు చివర

ఫారంలో మొదటి గడి దగ్గరే ఆగిపోయాను.
ఇంటిపేరు చివర రాయాలట.
పుట్టినప్పటి నుంచి నాకన్నా ముందు నడిచిన చింతకింది
క్యూలో ఎవరో తోసేసినట్టు
నా వెనక్కి వచ్చి నిలబడింది.
పారిజాత చింతకింది.
ఎవరో పరాయి పిల్లను పిలిచినట్టుంది.

అది ఏ చింతో, దాని కింద ఎవరుండేవాళ్లో
మా ఇంట్లో ఎవరికీ తెలియదు.
మాది గోల్నాక.
మూసీ వాసన వంటింట్లోకి వచ్చి
పోపు వాసనతో పోట్లాడే ఇల్లు.

పరీక్షల విభాగం, మూడో కౌంటరు.
ట్రాన్స్‌క్రిప్టుల కవరుకి జిగురు తడి చేస్తూ గుమస్తా అడిగాడు:
"ఏం చదువుతవమ్మా ఆడ?"
"నీళ్లు సార్."
మెమో తిప్పి చూశాడు.
ఫ్లూయిడ్ మెకానిక్స్, రెండోసారి పాస్.
ఏమీ అనలేదు.
ముద్ర మాత్రం కొంచెం గట్టిగా కొట్టాడు.

మార్కులు వాళ్ల లెక్కలోకి మార్చాలి.
అక్కడ ఒకటి వస్తే గొప్ప, నాలుగు దాటితే తప్పినట్టు.
నా డెబ్బై రెండు శాతం ఏదో సూత్రంలో మునిగి
రెండు పాయింట్ నాలుగై తేలింది.
నాలుగేళ్ల చదువు, గుప్పెడు కూడా లేదు.

బేగంపేటలో ఇంగ్లిషు పరీక్ష.
"మీరు చూసిన ఒక నది గురించి రెండు నిమిషాలు చెప్పండి."
బట్టీ పట్టింది గోదావరి,
నోరు తెరిస్తే మూసీ వచ్చింది.
వెనకే నురగ వచ్చింది,
నురగ ముందు నిలబడి ఫొటోలు దిగిన పిల్లలు వచ్చారు,
ముక్కు మూసుకోకుండా కాజ్‌వే దాటగలిగేది
మా పేటవాళ్లమే అన్న గర్వం కూడా వచ్చింది.
ఆమె పెన్ను ఆగింది.
ఎక్కడ క్రియ తప్పానో!
ఏడున్నర వేశారు.

వామనమూర్తి సార్‌ని సిఫారసు లేఖ అడిగితే
"నువ్వే రాసి పట్రా, సంతకం పెడతా" అన్నారు.
ఆయన గొంతుతో నన్ను నేను మెచ్చుకోవాలి.
తార్నాక నుంచి ఇంటిదాకా బస్సులో కూర్చుని ఆలోచిస్తే
వచ్చింది ఒక్కటే వాక్యం:
ఈమె సమయానికి వస్తుంది.
సార్ చదివి, కళ్లజోడు తుడుచుకుని,
'సమయానికి' కొట్టేసి
పైన 'వానలో కూడా' అని ఇరికించారు.

ఎందుకు చదవాలనుకుంటున్నారో వెయ్యి మాటల్లో చెప్పమన్నారు.
కన్సల్టెన్సీ అబ్బాయి నమూనా పంపాడు:
చిన్ననాటి నుంచీ నాకు ప్రకృతి అంటే అమితమైన...
తీసేశాను.
రోజూ నలభై కుళాయిల దగ్గర సీసా పడతాను.
రెండు చుక్కలు వేస్తే నీళ్లు పసుపు తిరగాలి.
తిరగని సందుల పేర్లు నాకు కంఠతా వచ్చు.
పైపు నేల కింద ఎక్కడ పగిలిందో తెలియదు.
అది తెలుసుకోవాలి.
అయిపోయింది.
ఇంకా తొమ్మిది వందల పైచిలుకు మాటలు
ఎక్కణ్ణుంచి తేవాలో తెలియక
ఆ సందుల పేర్లన్నీ రాశాను.

జూలై పదిహేను, వాళ్ల అర్ధరాత్రి గడువు.
మనకు తెల్లవారుజాము మూడున్నర.
బయట రేకుల మీద వాన.
డెబ్బై అయిదు యూరోలకు నఫీసా కార్డు,
ఓటీపీ కూడా ఆమె ఫోనుకే.
మలక్‌పేటలో నిద్రలోంచే చదివింది:
"నాలుగు, తొమ్మిది, సున్నా... ఆగవే, సున్నా కాదు, ఆరు."

మూడూ ఇరవై రెండుకి జవాబు.
ప్రియమైన చింతకింది గారూ, మీ దరఖాస్తు అందింది.
నిద్రపోతున్నవాళ్లతో సహా
ఇల్లంతటినీ కలిపి పిలిచినట్టు.

ఐదున్నరకి సీసాల పెట్టె భుజాన వేసుకున్నాను.
పటేల్‌నగర్, మలుపులో మొదటి కుళాయి.
రెండు చుక్కలు వేసి పైకెత్తి చూశాను.
ఇంకా రంగు రాలేదు.
చీటీ మీద సందు పేరు, టైము,
కింద
చింతకింది పారిజాత.