రెండు కట్టల సేపు

బుధవారం. మెట్‌పల్లికి ఇవతల మా సబ్‌సెంటర్.
గంగాజల చాటతోని వచ్చింది.
చాటల తునికాకు, జర్ద, కత్తెర, దారపుండ.
ఎనుక అత్త భూదవ్వ,
ఆమె చంకల తొమ్మిది నెలల పోరడు.

పేరు రాసుకుంటుంటే అడిగింది:
"అక్కా, గిండ్ల గుడ్డు ఉంటదా?"

ఇరువై రెండేండ్ల సర్వీసుల
జరం వస్తదా అని అడిగిండ్రు,
కాలు పడిపోతదా అని అడిగిండ్రు,
రేపు పిల్లలు పుట్టరట గదా అని గుసగుస పెట్టిండ్రు.
లోపల ఏముందని
ఎవరూ అడగలే.
నేను గూడ.

మొన్న అంగన్‌వాడీల
తెల్లసొన చిటికెడంత నాలిక మీద పెట్టంగనే
పెదవులు పూరీ లెక్క పొంగినయట,
కండ్లు మూసుకపోయినయట,
భూదవ్వ దిష్టి తీస్తుంటే తీస్తుంటేనే
ఆటోల కోరుట్లకు ఉరికిచ్చిండ్రట.
'అట' అని నేను రాస్తున్న గని
చెప్తుంటే ఆమె చేతులు వణుకుతున్నయి.
దినానికి వెయ్యి బీడీలు చుట్టినా
వణకని చేతులు.

భయపడకు అనొచ్చు.
ఆ మాట మాకు ట్రైనింగుల నేర్పిండ్రు.
నోటిదాకా వచ్చింది, మింగిన.

సీసాను ఎలుతురుకు పెట్టి చదివిన.
చీమ కాళ్లంత అక్షరాలు.
అద్దాలు కొంగుతోని తుడిచి మళ్ల చదివిన.
తెలిసినవి రెండు, తెల్వనివి నాలుగు.
"నాకు తెల్వదు బిడ్డా, అడుగుతా" అన్న.
ఆ మాటకు ఆమె మొఖం కొంచెం తేటపడ్డది.
ఎందుకో నాకు ఇప్పటికీ సమజ్ కాలే.

నీళ్ల ట్యాంకు కాడనే సిగ్నల్.
డాక్టరమ్మ అంతా విన్నది.
ఎంత వాసింది, ఎంతసేపున్నది, ఊపిరి ఎట్లుండె,
ఒక్కొక్కటే అడిగింది.
"గుడ్డు పడనోళ్లకు గూడ ఈ సూది ఇయ్యొచ్చు.
అరగంట కదలనియ్యకు. కిట్టు పక్కన పెట్టుకో."

"అరగంటంటే ఎంతక్కా?"
గోడ గడియారం ఆగి ఏడాదాయె.
"నీ లెక్కల రెండు కట్టల సేపు."

సూది పడ్డది. వాడు గుక్కపట్టి ఏడ్చిండు.
ఏడ్వనీ. ఏడ్పుల ఊపిరి వినబడుతది.

జర్ద గాలి పోరనికి తగలకుండ
అరుగు మీద అటు దిక్కు మళ్లి కూసున్నది.
మొదటి బీడీ. చూపు ఆకు మీద లేదు,
వేళ్లు వాటికవే తిరుగుతున్నయి.
ఐదో బీడీ కాడ లేచొచ్చి పెదవులు చూసింది.
పదకొండో బీడీ కాడ అంగి ఎత్తి వీపు చూసింది.
నేను అడ్రినలిన్ ఆంపుల్ మీద బొటనవేలు పెట్టుకొని కూసున్న.
ఏటా దాని డేటు దాటుతది, కొత్తది వస్తది,
ఒక్కసారన్న దాని మెడ విరువలే.
విరిచే రోజు రావద్దని మొక్కుకుంట,
విరుచుడు మరువొద్దని గూడ మొక్కుకుంట.

పందొమ్మిదో బీడీకి
మెడ మీద ఎర్రగ కనబడ్డది.
ముగ్గురం ఒక్కపాలే వంగినం.
భూదవ్వ వేలు తడిచేసి రుద్దింది.
కుంకుమ.
పొద్దుగాల పోచమ్మ కాడ తనే పెట్టింది.
ఎవ్వరం నవ్వలే,
కొంచెం సేపయినంక గాని.

రెండో కట్టకు దారం చుట్టి ముడేసింది.
అయినా లేవలే.
ఇంకో ఐదు చుట్టింది.
వాని కోసమో, కూలి కోసమో నేనడగలే.
పోరడు అప్పటికే అవ్వ గాజులు కొరుకుతుండు.

రిజిస్టరుల 'ఇబ్బంది లేదు' అని రాసే గడి ఉన్నది.
అడిగిందని రాసే గడి లేదు.
అంచున పెన్సిలుతోని రాసిన:
తల్లి అడిగింది.

వచ్చే బుధవారానికి
గడియారానికి సెల్లు తేవాలె.