రెండు గళ్లు

మార్చి. మోంటానాలో ఇంకా మంచు వదల్లేదు.
ఆవులు ఈనే కాలం, ఇంట్లో ఎవరికీ సరైన నిద్ర లేదు.
వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్,
పక్కన చల్లారిన కాఫీ, గొడ్ల మందు సీసా.

తొమ్మిదో తరగతికి ఏమేం కోర్సులు?
బీజగణితం, తప్పదు.
లాటిన్ వాడే అడిగాడు, ఎందుకో చెప్పడు.
జీవశాస్త్రం దగ్గర వేలు ఆగింది:
పునరుత్పత్తి, ఆరు వారాలు, వీడియోలతో సహా.
నిన్న రాత్రి రెండింటికి
భుజం దాకా చెయ్యి పెట్టి
అడ్డం తిరిగిన దూడను లాగింది
మా కోల్టరే.
దానికి మార్కులెవరు వేస్తారు?

గాలి హోరెత్తితే తెర బిగుసుకుపోతుంది.
నమూనా పాఠం చెబుతున్న పంతులమ్మ
నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోతుంది,
తనకీ మాట అందనట్టు.

జీవశాస్త్రం తీసేశాను.
మళ్లీ పెట్టాను.
చేతికి తెలిసిన వాటి పేర్లు కూడా తెలియనీ వాడికి.

ఆఖర్న రెండు గళ్లు:
తల్లి పేరు. ఉపాధ్యాయురాలి పేరు.
మొదటిది తడుముకోకుండా నింపాను.
రెండోదాంట్లో సన్నని గీత
మిణుకు మిణుకుమంటూ అడుగుతోంది.
పదోక్లాసులోనే బడి మానేసినదాన్ని నేను.

కొట్టంలోంచి కేక:
"అమ్మా, ఇంకోదానికి నొప్పులు!"

అదే పేరు, ఒక అక్షరం తప్పుతో, మళ్లీ కొట్టి
బూట్లు వెతుక్కున్నాను.