కిర్రు

కొత్త షాకబ్జర్లు వేయించి మూడో రోజు.
డబ్బు పోయింది, గుంతలు పోలేదు,
ఎక్కడిదో ఒక చప్పుడు మాత్రం వచ్చి చేరింది.
కిర్రు.
వెనక కుడిచక్రం దగ్గర,
పొదుగుతున్న పెట్టను పక్కకు జరిపితే
అది అనే మొదటి మాటంత.

ఓమ్ని నిండా గుడ్లు, డెబ్బై అట్టలు.
తెల్లారి నాలుగింటికి ఘట్కేసర్‌లో బయల్దేరితే
ఉప్పల్ దగ్గర ఒకసారి,
రామంతాపూర్ స్పీడు బ్రేకరు ఎక్కుతూ ఒకసారి, దిగుతూ ఒకసారి.
మలక్‌పేట రైలు వంతెన కింద
ఇంకో ఓమ్ని ఏదో నా వెంటే వస్తున్నట్టు
నా కిర్రు నాకే తిరిగి వినపడేది.

పాత షాకులు నూనె కారి చచ్చిన రోజుల్లో
పూటకు పదిహేను గుడ్లు పగిలేవి,
బండి నోరెత్తేది కాదు.
ఇప్పుడు గుడ్డు పగలదు.
బండి ఊరుకోదు.

అందరూ డాక్టర్లే.
"పిల్లి పిల్లల్ని పెట్టిందేమో, కిందికి వంగి చూడక్కా"
అన్నాడు గోదాం కాపలా యాదగిరి.
"కొత్త చెప్పు కరవదా? నాలుగు దినాలు ఆగు"
అన్నది మా ఆడబిడ్డ సుగుణ.
దారుల్‌షిఫా బేకరీ హష్మత్ సాబు చెవి వొగ్గి విని
"మా భట్టీ తలుపుది కూడా ఇదే రాగం" అని మురిసిపోయాడు.
నా సొంత వైద్యం నేను చేశాను:
మూతెడు ఇంజినాయిలు, ఆ రబ్బరు మీద.
రెండు రోజులు మౌనం.
మూడోనాడు వడ్డీతో సహా వచ్చింది.

ఆదివారం చాదర్‌ఘాట్, వాజిద్ షెడ్డు.
వేసింది తనే కాబట్టి మొదట కోపం తనదే.
"నూనె ఎవడు పొయ్యమన్నడు?
తాగితే రబ్బరు ఉబ్బుతది, మనిషి లెక్కనే."
బండి మూల మీద రెండు చేతులూ ఆనించి నొక్కాడు. కిర్రు.
వదిలాడు. కిర్రు.
ఐటీఐ నుంచి పని నేర్వ వచ్చిన రజిత
కిందికి దూరి, ఒక్కో కీలు మీద వేళ్లు పెట్టి,
నాడి చూస్తున్నట్టు కళ్లు మూసుకుంది.
ఇది కాదు.
ఇదీ కాదు.
ఇగో, ఇది.

"బండి గాల్లో ఉన్నప్పుడే గట్టిగ బిగించిన్రు సార్."

వాజిద్ కాసేపు పానా వైపు చూశాడు.
నాకు అర్థం కాలేదని ఆమె గుడ్డపేలిక తీసి చూపించింది.
చక్రాలు వేలాడుతుంటే బోల్టు పట్టేసింది,
దించగానే బరువు మీద పడి
లోపల బుష్షు మెలి తిరిగింది, ఇట్లా, పిండిన బట్టలా.
ప్రతి గుంతకూ ఆ మెలికే మళ్లీ మెలిపడుతోంది.

నా నూనె తాగిన బుష్షు చెత్తడబ్బాలో పడింది.
కొత్తదానికి నూట ఇరవై.
వేలితో కొంచెం సిలికాన్ గ్రీజు, బోల్టు వదులుగా,
బండి నేల మీదికి.
"రోజూ ఎంత బరువు మోస్తదో అంత ఎక్కాలె" అంది రజిత.
గుడ్ల బదులు మేమెక్కాం,
నేను, వాజిద్, పక్క పంచరు షాపు మల్లేశు,
మోకాళ్లు మోకాళ్లకు తగిలేలా, పెండ్లికి పోతున్నట్టు.
మల్లేశు దగ్గబోయి ఆపుకున్నాడు.
కింద పానా టక్కుమంది.

సోమవారం వంతెన కింద నా వెంట ఎవరూ రాలేదు.
అట్టల్లో గుడ్లు ఒకదాన్నొకటి ఒరుసుకునే సవ్వడి,
అదొకటుందని ఇన్నేళ్లలో నాకు తెలియదు.

బేకరీ షట్టరు మూసే ఉంది.
పది నిమిషాలకు అన్వర్ కళ్లు నులుముకుంటూ పైకెత్తాడు.
"కిర్రుమంటె లేస్తుంటి అక్కా,
ఇయ్యాల నువ్వు రాలే అనుకున్న.
రేపటి సంది హారను కొట్టు."

రేపు వచ్చింది.
గల్లీ అంతా నిద్ర, ఒక కిటికీలో మాత్రం దీపం.
హారను మీద పెట్టిన చెయ్యి తీసేసి
దిగి, వేలి కణుపుతో షట్టరు మీద కొట్టాను,
గుడ్డు పగలనంత మెల్లగా.