సీటు కింద చప్పుడు

ఉదయగిరి బస్టాండు దాటినాక
టార్పాలిను కింద నా షెడ్డు.
నేను షట్టరెత్తక ముందే వచ్చి నిలబడుండాది
షంషాద్ బీ వాళ్ల పాత మారుతీ వ్యాను,
వెనక సీట్లు పీకేసి
కొయ్య గరిటెలూ చెంచాలూ దువ్వెనలూ
గోతాల్లో కుక్కిన వ్యాను.

"సీతారాంపురం ఘాట్ ఎక్కేటప్పుడు
నా సీటు కింద ఎవురో
మూకుట్లో శనక్కాయలు ఏపుతుండారు మాల్యాద్రన్నా," అనింది.
"దిగేటప్పుడు ఏపరు. ఎక్కేటప్పుడే."

ఇరవై ఏళ్లుగా ఇంజన్లతో కాపరం నాది.
ఇంత బాగా ఆ జబ్బును
ఏ డ్రైవరూ నాకు చెప్పలా.

తమ్ముడు గఫార్ మాత్రం
"టాపెట్లన్నా, బిగించు, పోద్ది" అంటాడు.
వాడికి అన్నీ టాపెట్లే.
టాపెట్లయితే నిలబడున్నా కొట్టుకోవాల గదరా,
ఇది బరువు మోస్తేనే ఏడుస్తుండాది.

సీటెత్తితే వేడి మొహాన కొట్టింది.
పొడుగు స్క్రూడ్రైవరు సమయానికి కనపళ్ళా.
ఆమె గోతంలోంచి తీసిచ్చింది
మూరెడు గరిటె, బిక్కి చెక్కది.
కాడ ఇంజనుకి, గుంట నా చెవికి.
చక్రాలకి రాళ్లు పెట్టి, హ్యాండు బ్రేకు లాగి
"క్లచ్చి సగం వదిలి తొక్కరా" అన్నా.

వినపడింది.
పిస్టను ఇంకా పైకెక్కుతుండగానే
నిప్పు తన వంతు రాకుండా లేచి
దాని నెత్తిన మొట్టికాయలేస్తుండాది.

తనో గరిటె చెవికి పెట్టుకోని
షంషాద్ బీ కళ్లు మూసుకుంది.
"ఆరని కర్రను తొందరపడి చెక్కితే
ఉలి కింద ఇట్నే చిట్లుద్ది."

"పెట్రోలు యాడ పోయించినావు?"
గఫారు నేల చూసినాడు.
బంకులో కాదు, బంకు పక్కన సీసాల్లో.
లీటరుకి ఆరు రూపాయలు తక్కువంట.
గుడ్డ ముంచి మూజ్జూస్తే కిరసనాయిలు.
నాకైతే మా అమ్మ లాంతరు గుర్తొచ్చింది.
ఇంజనుకి ఏ అమ్మా గుర్తురాదు.

పామూరులో ఎవుడో పికప్పు కోసమని
టైమింగు ముందుకు తిప్పి పెట్టినాడు.
రేడియేటరు నిండా బోరు నీళ్ల సున్నం.
ప్లగ్గుల మూతుల మీద తెల్లటి పొక్కులు.
"ఘాట్ ఎన్నో గేరులో ఎక్కుతావురా?"
"నాలుగులోనే లాగిస్తానన్నా, పెట్రోలు మిగులుద్దని."
"మిగిలిందా?"
పలకలా.

హెడ్డు విప్పితే అడుగంటిన పాల గిన్నె.
ఇనుముతో గీకితే అల్యూమినియానికి గాయాలు.
ఆమె మాట్లాడకుండా అట్లకాడ చెక్కింది, అంచు పల్చగా.
ఇద్దరం కూసోని సందేళ దాకా గీకినాం.
మధ్యలో రెండు టీలు, ఒక వాన.
ట్యాంకు కడిగి, బంకు పెట్రోలు పోసి,
డిస్ట్రిబ్యూటరు వెంట్రుకంత వెనక్కి తిప్పినా.
ఆ వెంట్రుకంత కొలవడానికే
మా గురువు నన్ను మూడేళ్లు తిట్టినాడు.

గఫారుకి చెప్పిందొకటే:
బండి మూలిగినప్పుడు గట్టిగా తొక్కబాక,
ఒక గేరు దించు. నామర్దా ఏం లేదు.

మూడో రోజు ఫోను. పోరుమామిళ్ల సంతకి పోతా
ఘాట్ నడిమధ్య నుంచి.
"విను" అని సీటుకి ఆనించింది ఫోన్ని.
గాలి, హారను, ఇంకేదో టకటక.
"చప్పుడుండాదే!" గుండె జారింది నాకు.
"ఉండాది. గరిటెలన్నా అయి.
ఒకదాన్నొకటి తాకుతుండాయి."

బాకీ నాలుగొందలు అడుగుదామని
నోటి దాకా వచ్చింది.
ఎక్కుడు మీదుంది బండి.
దిగనీలే అని ఆగినా.