నలభై ఏడో సైగ

ఈ పుస్తకంలో పెన్నుతో రాయకూడదు.
నాకు పని నేర్పిన ముసలి ఒతియా మొదటిరోజే చెప్పాడు:
ఇంకా పుట్టనిదానికి సిరా అంటించకు.

కుతాయిసిలో, మూతపడ్డ బట్టల ఫ్యాక్టరీలో
మూడో అంతస్తు మాది.
కుట్టుమిషన్ల కాళ్లు దిగిన గుంటలు నేలలో ఇంకా ఉన్నాయి.
నాట్యం చేసేవాళ్లు వాటికి పేర్లు పెట్టుకున్నారు.
కుంటిదాని దగ్గర తిరుగు,
అత్త దగ్గర ఆగు.

జనవరి. హీటరు ఒక్కటే.
దాని ముందు కూర్చునే హక్కు
ఆ రోజు కింద పడినవాళ్లది.

ఆలూ లేదు చూలూ లేదు,
పోస్టరుకి పేరు కావాలంటాడు బద్రి, రోజూ ఫోన్ చేసి.
నది గురించి అని రాసుకో, అంది ఖతూనా.
మర్నాడు, కాదు, నది దాటనివాళ్ల గురించి.
బుధవారానికి నదే లేదు.
ఒక కుర్చీ ఉంది.

ఆ కుర్చీ తొర్నికేది.
నాలుగు నిమిషాలు.
దాని మీద కూర్చోడు. కూర్చోబోతాడు, అంతే.
ఎవరో పిలిచినట్టు లేస్తాడు.
చెయ్యి ఒక్కటే వెనకబడి
కుర్చీ వీపు తడుముతుంది,
కరెంటు పోయిన ఇంట్లో
అగ్గిపెట్టె కోసం గూడు తడిమినట్టు.
మొదటిసారి చూసినప్పుడు
మూలన కుడుతున్న లమారా
పళ్ల మధ్య దారం తెంపడం మరిచిపోయింది.
నేను లెక్కపెట్టడం మరిచి
తర్వాత అందాజుగా రాసుకున్నాను.

నా పని రాయడమే.
ఎవరు ఏ గుంట నుంచి ఏ గుంటకి,
ఏ దీపం, ఎంత నెమ్మదిగా ఆరాలి.
రాయడం కన్నా చెరపడం ఎక్కువ.
సాయంత్రానికి నా ఒళ్లో
ముందురోజు నాట్యమంతా రబ్బరు పొట్టు.
ఎనభై రెండో పేజీ ఎంత అరిగిందంటే
అవతలి పేజీ రాత ఇవతలికి కనిపిస్తోంది.

ఇంకా పదకొండు రోజులుందనగా
మొదటినుంచి చివరిదాకా ఆపకుండా నడిపాం.
అయ్యాక ఖతూనా చాలాసేపు
అక్రోట్లు పగలగొడుతూ కూర్చుంది, ఒక్కటీ తినకుండా.
కుర్చీ ఆట తీసేద్దాం, అంది.
బాగా లేకనా? అడిగింది ఎలిసో.
బాగుండబట్టే.
దాని తర్వాత వచ్చేదంతా
బంతులు లేచాక వచ్చిన చుట్టంలా ఉంది.

తొర్నికే బూటు లేసు విప్పి
మళ్లీ కట్టుకున్నాడు.
సరే, అన్నాడు.
ఎవరో హీటరు దగ్గర జరిగి చోటిచ్చారు.
నేను పడలేదుగా, అన్నాడు. కూర్చోలేదు.

నాలుగు పేజీలు చెరిపాను.
నలుపు పోయింది,
నొక్కి రాసిన గాడి పోలేదు.

కుర్చీ మాత్రం కావాలి, చివర్లో ఎలిసోకి.
ఎడమ తెర వెనక నుంచి మధ్యకి
ఎవరో ఒకరు చీకట్లో తేవాలి.
నేను తెస్తా, అన్నాడు తొర్నికే.
రాసుకున్నాను. నలభై ఏడో సైగ:
అన్ని దీపాలూ ఆర్పు. పదకొండు సెకన్లు.

కుర్చీ పెట్టడానికి ఐదు చాలు.

బద్రి తనే ఏదో పేరు పెట్టి అచ్చేయించాడు.
ఎవరికీ నచ్చలేదు, ఎవరూ మార్చలేదు.

మొదటి రాత్రి.
నా బల్ల మీద నీలం కాగితం చుట్టిన చిన్న దీపం.
దాని వెలుగు కుర్చీ దాకా వెళ్తుంది, అదీ అరకొరగా.
నలభై ఏడు, అన్నాను.
చీకట్లో ఎవరో దగ్గారు,
ఎవరో చాక్లెట్ కాగితం విప్పారు.
ఆ నీలంలో
ఒక చెయ్యి వెనకబడి
కుర్చీ వీపు తడిమింది.
ఏడు. ఎనిమిది.
ఒక నీడ కూర్చోబోయి లేచింది.
పది దగ్గర అతను లేడు.
దీపం వెలిగాక ఎలిసో వచ్చి
వెచ్చగా ఉన్నట్టు ఆ కుర్చీలో సర్దుకుంది.

రెండో రాత్రీ అంతే. ఐదో రాత్రీ.
ఆ చీకటి కాస్త ఎక్కువైంది కదూ,
ఆరు సెకన్లు చాలదా? అడిగింది ఖతూనా.
కుర్చీ బరువు, అన్నాను.
లమారా సూదిలోకి దారం ఎక్కిస్తూ
తలెత్తకుండా అంది:
చాలా బరువు.

ఆ రాత్రి అందరూ వెళ్లాక
లమారాని పెన్ను అడిగి తీసుకుని
పదకొండు మీద సిరా దిద్దాను.
పక్కన ఇంకేమీ రాయలేదు.