వెచ్చబడేదాకా

ఫిబ్రవరి. డకోటా పడమటి అంచు.
గడప దాటితే ఊపిరి కనురెప్పల మీద గడ్డకడుతుంది.
ఈ వారం మూడు గొర్రెపిల్లలు పోయాయి.
నాలుగోది పొయ్యి పక్కన అట్టపెట్టెలో
నా పాత స్వెటర్ కప్పుకుని వణుకుతోంది.

కయోటీ అంటారు దాన్ని ఇక్కడ.
నక్కకు అన్న, తోడేలుకు తమ్ముడు.
దాన్ని రప్పించడానికి మా ఇంట్లో ఒక పెట్టె ఉంది.
మీట నొక్కితే కుందేలు ఏడుస్తుంది,
ఏ పంజా కిందా పడని కుందేలు,
ఒంట్లో చుక్క నెత్తురు లేని కుందేలు.
ఆ ఏడుపుకు పది బ్యాటరీలు మేత.

ట్రక్కులోంచి ఇప్పుడే తెచ్చాను వాటిని.
అరచేతిలో మంచుముక్కల్లా ఉన్నాయి.

"ముందు లెక్కపెట్టు" అనేవాడు ఐవర్ చిన్నాన్న,
ఎడమచేతి రెండు వేళ్లకు గోళ్లు లేని మనిషి.
ఎలుగుబంటి కొరికిందని మా పిల్లలందరం నమ్మాం,
ఆయనా కాదనలేదు.
నిజం చాలా చిన్నది, సిగ్గుపడేంత చిన్నది:
పెట్టె వెనక రంధ్రంలో ఛార్జర్ గుచ్చాడు,
లోపలున్నవి ఒకసారి వాడి పారేసే రకమని మరిచి.
దాణా కొట్టంలో, ఖాళీ గోనెసంచుల మీద పెట్టి
భోజనానికి వెళ్లాడు.
బంగాళదుంపలు ఇంకోసారి వడ్డించుకున్నాడు.
తిరిగొచ్చి, బుసకొడుతున్న పెట్టెను
చేత్తో పట్టుకున్నాడు.

అందుకే లెక్కపెడతాను.
ఎనిమిది ఆకుపచ్చవి. ఒకే రోజు కొన్నవి,
ఒకే జట్టుగా ముసలివవుతున్నవి.
మిగతా రెండూ రాగిరంగువి.

"ఎమెట్!"
మా అక్క కొడుకు మెట్ల మీద సగంలో ఆగాడు.
పన్నెండేళ్ల మొహం నిండా తెలియనట్టు నటన.
"టార్చికి కావాల్సొచ్చింది అత్తా... బదులు పెట్టాను కదా."
నాకు అత్త వరస కాదురా అని దిద్దలేదు,
వాడు అందర్నీ ఒకే పేరుతో పిలుస్తాడు.
తిట్టనూ లేదు. చిన్నాన్న వేళ్ల గురించి చెప్పాను.
ఎలుగుబంటి లేని కథ.
వాడు టార్చి విప్పి
ఆకుపచ్చవి రెండూ బల్ల మీద నిలబెట్టాడు.

"ఇప్పుడు పెట్టనా ఛార్జింగు?"
"ఆగు."
"ఎందుకు?"

జవాబు చెప్పే లోపు అట్టపెట్టెలో కదలిక.
వాడు పాలసీసా అందుకున్నాడు.
"దానికీ ఆగాలి. నోట్లో వేలు పెట్టి చూడు."
పెట్టాడు. చల్లగా ఉందన్నాడు.
చలిబారిన పిల్లకు పాలు పడితే కడుపు ఒప్పుకోదు,
ఆకలి తీర్చబోయి ప్రాణం తీస్తాం.
చలిబారిన బ్యాటరీ కూడా అంతే,
పోసిన కరెంటు లోపల ఇమడక తిరగబడుతుంది.

ఇద్దరం కూర్చున్నాం.
వాడు ఒక చేత్తో గొర్రెపిల్ల చెవి రుద్దుతూ
ఇంకో చేత్తో బ్యాటరీలు దొర్లిస్తూ.
గాలి చిమ్నీలో దూరి ఏదో సణుగుతోంది.

పదిన్నరకు పిల్ల వేలు చప్పరించింది.
అప్పుడు సీసా. అప్పుడే ఛార్జరు కూడా,
కర్టెన్లకు దూరంగా, పాత పింగాణీ పళ్లెంలో,
దేని గది దానికే ఉన్న రకం,
నిండగానే తనంతట తానే ఆగేది.
అయినా నమ్మి నిద్రపోను.
గంటకోసారి వేలితో తాకుతాను:
గోరువెచ్చనైతే సరే,
చురుక్కుమంటే ప్లగ్గు లాగెయ్, ఆలోచన తర్వాత.

రెండున్నరకు దీపాలన్నీ ఆకుపచ్చగా మారాయి.
ఎమెట్ కుర్చీలోనే పడుకుండిపోయాడు, నోరు తెరిచి.

తెల్లవారకముందే గుట్ట వెనక మంచులో పడుకుని
మీట నొక్కాను.
కుందేలు ఏడ్చింది, నిండు గొంతుతో.
ఇంత జాగ్రత్తగా, ఇంత వెచ్చగా కాపాడి
నేను తయారుచేసింది ఈ ఏడుపునా?
తుపాకీ భుజాన బరువుగా ఉంది.
దూరంగా సేజ్ పొదల్లో
ఏదో తల ఎత్తింది.
నేను చూశాను. అది పెట్టెను చూసింది.

ఇంట్లో, పొయ్యి పక్కన,
ఇంకో గొంతు పాలకోసం అరవడం
ఈపాటికి మొదలై ఉంటుంది.